ఓటేసినోడికి సగం, రాసినోడికి సగం: ఇదేం న్యాయం?

కావలి కుర్రోడు:
హైవ్ అని, పోస్టులకి క్రిప్టో నాణేలిచ్చే బ్లాగు సైటుంది, దాంట్లో తెలుగులో రాస్తా ఉన్నా. పోస్టు పెట్టిన వారం లోపల పడ్డ ఓట్లను బట్టి డబ్బొస్తుంది గదా, అందులో రాసినోడికి సగమే. మిగతా సగం ఓటేసినోళ్లు పంచుకుంటారు. పది రోజుల కింద బిట్రగుంట స్టీమ్ ఇంజన్ల షెడ్డు మీద రాసినా. మా తాత పనిచేసింది అక్కడే. మూడు రాత్రులు కూర్చున్నా. 14 మంది ఓటేస్తే పోస్టు కింద కనపడింది ఒక సెంటు. రెండు సెంట్లన్నా కాకపోతే అదీ చేతికి రాదు. అదే రోజు ఎవరో కాఫీ కప్పు ఫోటో పెడితే 11 డాలర్లు! అది చదివి ఓటేశారంటే నేన్నమ్మను.

కందుకూరు మాస్టారు:
అబ్బాయ్, సగం ఊరికే పెట్టలేదు. హైవ్‌కి ముందు 2016లో స్టీమ్ అనే ఇట్టాంటి సైటే మొదలైంది. 2019 ఆగస్టు దాకా ముప్పాతిక రాసినోడికే, పావలా వంతు ఓటర్లకి. ఏమైంది? పెద్ద పెద్ద ఖాతాలోళ్లు చదవడం మానేసి ఓట్లు అమ్ముకున్నారు. డబ్బు కట్టి బాట్‌తో, అంటే దానంతటదే ఓటేసే ప్రోగ్రామ్‌తో, ఓటు కొనుక్కుంటే ఎంత చెత్త పోస్టయినా పైకి తేలేది. ఓటు అమ్ముకునేదాని కన్నా మంచి పోస్టు వెతికితేనే గిట్టుబాటు కావాలని సగం చేశారు. 2020 మార్చిలో స్టీమ్ నుంచి హైవ్ విడిపోయినప్పుడు ఆ లెక్కే వెంట తెచ్చుకుంది.

నిమ్మతోట, పొదలకూరు:
మాస్టారూ, వెతికితే కదా! మా నిమ్మకాయల మార్కెట్లో బస్తా విప్పి, కాయ నొక్కి చూసి రేటు చెప్తారు. కమీషన్ తీసుకుంటే తీసుకున్నారు, చూశారు గదా. ఇక్కడ బస్తా మూతి విప్పకుండానే కమీషన్. నేనూ తక్కువ తినలేదులే. ఆర్నెల్లు 20 మంది పేర్లకి, వాళ్లు ఏది రాసినా దానంతటదే పడేట్టు ఆటో ఓటు పెట్టి తోట పని చూసుకున్నా. వాళ్లల్లో ఒకాయన పాత పోస్టునే మళ్లీ పెడితే దానికీ నా ఓటు పడింది. నా వాటా నాకొచ్చింది కూడా. ఎవరో కింద తిట్టేదాకా నాకు తెలీనే తెలీదు.

కందుకూరు మాస్టారు:
ముందేసినోడికి ఎక్కువ వాటా అన్న రోజుల్లో చదవకుండా ఓటేసే ఆ పరుగు ఉండేది. 2021 జూన్ తర్వాత మొదటి 24 గంటల్లో ఎప్పుడేసినా ఒకటే. తీరిగ్గా చదివి వేయొచ్చు.

నిమ్మతోట, పొదలకూరు:
చదవకపోయినా అంతే వస్తుందిగా సార్.

చీమకుర్తి రాయి:
మీరంతా ఓటు ఓటు అంటుండారు. పంచాయతీ ఎన్నికల్లో తలకొక ఓటు. ఇక్కడ లక్ష హైవ్ పవర్ (లోపల కట్టేసుకున్న నాణేలు) ఉన్నోడి ఓటు వంద ఉన్నోడి ఓటుకి వెయ్యి రెట్లు. ఎందుకుండకూడదు? వాడు డబ్బు లోపల కట్టేసుకున్నాడు. బయటికి తీయాలంటే వారానికింత చొప్పున 13 వారాలు. ఈలోపు రేటు పడితే ఎవరిస్తారు? ఓటుకొచ్చే ఆ రాబడి తీసేస్తే ఎవడూ కట్టేసుకోడు, అందరూ అమ్ముతారు. అప్పుడా 11 డాలర్లూ ఉండవు. మన బహుమానం ప్రకటనల డబ్బు కాదు, కొత్తగా పుట్టించే నాణేలు.

కావలి కుర్రోడు:
అట్టయితే వడ్డీ అనండన్నా, ఒప్పుకుంటా. వడ్డీ ఇచ్చి దానికి ‘మంచి రచనని గుర్తించడం’ అని పేరెందుకు?

మైపాడు అల:
తమ్ముడు అన్నదే రైటు. పోస్టుకొచ్చే డబ్బు తగ్గించే ఓటుకి 2019లోనే వేరే బలం ఇచ్చారు, కాఫీ కప్పు మీద ఒక్కడైనా వేశాడా? వేస్తే రేపు వాళ్లు మన పోస్టు మీద పడతారని భయం. నేనూ వేయను, అబద్ధమెందుకు. ఇంకో మాట. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, ఒకదాంట్లో నష్టం ఇంకోదాంట్లో సర్దుకోవడానికి లేదు. నీ ఒక సెంటుకి ఆడిటర్‌ని పెట్టుకుంటావా తమ్ముడూ? 😀

చీమకుర్తి రాయి:
ఆడిటరే రెండు సెంట్లడుగుతాడు.

నిమ్మతోట, పొదలకూరు:
కావలి తమ్ముడూ, బిట్రగుంట పోస్టు ఇప్పుడే చదివినా. మీ తాత అన్నం క్యారియర్ని ఇంజన్ వేడి మీద పెట్టుకునేవాడన్న కాడ ఆగిపోయినా కాసేపు. ఓటేద్దామని నొక్కినా. వారం దాటింది గదా, పడింది గానీ నీకు పైసా రాదు. నాకూ రాదు.