‘క్షణం క్షణం’లో కామెడీ టెన్షన్‌ని పెంచిందా, చెడగొట్టిందా?

నైట్‌షో నాని: ‘క్షణం క్షణం’ (1991) నిన్న మళ్ళీ చూశా. బ్యాంకు దోపిడీ, కోటి రూపాయలు, వెంటపడే నాయర్ గ్యాంగ్. ఇంత సీరియస్ కథలో శ్రీదేవి చేత అంత అల్లరి చేయించడం ఏంటి? ‘శివ’ తీసిన వర్మేనా అనిపించింది. పైగా అడవిలో చంపడానికి మనుషులు తిరుగుతుంటే పాటొకటి!

పాత రీలు: నానీ, పరేష్ రావల్‌ని చూశావా అసలు? నాయర్ తన మనుషుల మీద విసుక్కుంటుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఆగేలోపు వాడు ఎవర్నేం చేస్తాడో అని గుండె దడ. కామెడీ లేకపోతే వాడు మామూలు విలనే.

నైట్‌షో నాని: నేనడిగింది పాట గురించి. ప్రాణం మీదకొస్తే ఎవడైనా పాడతాడా?

పాత రీలు: ‘జామురాతిరి’ డ్యూయెట్ కాదయ్యా, జోలపాట. భయంతో నిద్రపట్టని పిల్లకి పాడేది. సిరివెన్నెల ఊరికే రాశారా?

బెజవాడ బాబాయ్: కీరవాణి జోలికి మాత్రం రావద్దు.

నైట్‌షో నాని: మా బ్రాంచిలో దొంగలు పడ్డాక మా క్యాషియర్ నెలల తరబడి సరిగ్గా నిద్రపోలేదు. ఆయనకి ఎవరూ జోలపాట పాడలేదు.

పాత రీలు: అయితే సినిమాలు మానేసి ఎఫ్ఐఆర్‌లు చదువుకో.

మాధవి: ఇద్దరూ ఆగండి. నా బాధ వేరు. సత్య (అదే, శ్రీదేవి) ఫ్లాట్‌లోకి గ్యాంగ్ మనిషి వస్తాడు కదా, ఆ సీన్ నేను ఇప్పటికీ చూడలేను. నేను ఒంటరిగా అద్దెకున్నప్పుడు అర్ధరాత్రి ఎవడో తలుపు బాదాడు. ఓనర్‌కి చెబితే ‘మీకు భయం ఎక్కువమ్మా’ అని నవ్వేశాడు. సినిమాలోనూ సత్య హడలిపోయినప్పుడల్లా జనం నవ్వుతారు.

పాత రీలు: అలా కాదండీ. అంత భయంలోనూ చందుతో, అదే వెంకటేష్‌తో, దెబ్బలాడుతుంది, నోరు మూయదు. అందుకే నవ్వుతాం. ఆ పాత్రకే కదా నంది వచ్చింది.

మాధవి: నంది నటనకి. నవ్వు ఎవరి మీద అన్నదే నా ప్రశ్న. చందు జేబుదొంగ వేషాలకి నవ్వితే వాడి తెలివికి నవ్వుతాం. సత్య దగ్గర మాత్రం ఆమె వణుకుకే నవ్వుతాం.

నైట్‌షో నాని: నేను మొదట్నుంచీ అంటున్నది అదేగా!

మాధవి: కాదండీ. టెన్షన్ పోయిందన్నారు మీరు. నాకు పోలేదు, అందుకే నవ్వలేకపోయా.

పాత రీలు: మరి నాయర్‌కి నవ్వారా?

మాధవి: పడీపడీ.

నైట్‌షో నాని: సరే గానీ, ఆ పాట సంగతి మాత్రం నేనొప్పుకోను.