అక్టోబరు మొదటి శనివారం: పరుగెత్తుకుంటూ తోట పనికి, ఎవరెవరు వస్తున్నారు?

సేవా విభాగం సమన్వయకర్త, ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. గాంధీ జయంతికి లండన్‌లోని మన సంఘం తరఫున ఏం చేయాలన్న చర్చ మూడు వారాలుగా నడుస్తోంది. బ్యానరు పట్టుకుని పరుగు, హాలులో ఉపన్యాసాలు అని కొందరంటున్నారు. పోయినసారిలాగే పార్కులో చెత్త ఏరుదామని మరికొందరు. నా అభిప్రాయం ముందే చెబుతాను. పని ఉన్న చోటికి పరుగెత్తుకుంటూ వెళ్దాం, ఆ పని పూర్తిచేసి వద్దాం. ఏ పని చేయాలో మనం కాకుండా అక్కడివారు చెప్పాలి.

నేను ఇంత పట్టుబట్టడానికి పోయిన ఏడాది అనుభవమే కారణం. అరవై మందిమి ఒక పార్కులో మధ్యాహ్నమంతా చెత్త ఏరాం, ఫొటోలు దిగాం, సంచులు గేటు పక్కన పేర్చి ఇళ్లకు వచ్చేశాం. వాటిని ఎవరు తీసుకెళ్తారని ముందుగా ఎవరమూ అడగలేదు. మర్నాడు ఉదయం అటు వెళ్తే, రాత్రి నక్కలు సంచులు చింపి చెత్తంతా గడ్డి మీదికి లాగేసి ఉన్నాయి. నేనూ మా ఆవిడా రెండు గంటలు మళ్లీ ఏరాం. కుక్కను తిప్పడానికి వచ్చిన ఒక ముసలావిడ మాతోపాటు వంగి సీసాలు ఏరుతుంటే నాకు తలెత్తి ఆమెను చూడబుద్ధి కాలేదు.

పరుగునూ సేవనూ కలపడం లండన్‌కు కొత్త కాదు. పరుగెత్తుతూ వెళ్లి సేవ చేసే బృందాల సంస్థ గుడ్‌జిమ్ ఈ తూర్పు లండన్‌లోనే మొదలైంది. దాన్ని ప్రారంభించిన ఐవో గోర్మ్లీ, ఇల్లు దాటలేని ఒక పెద్దాయనకు పత్రిక ఇచ్చి రావడానికి పరుగెత్తుతూ వెళ్లేవారు. ఇటు వ్యాయామం, అటు ఆయనకు పలకరింపు. ఇప్పుడు బ్రిటన్‌లో ఎన్నో ఊళ్లలో ఆ బృందాలున్నాయి. తోటల్లో మట్టి మోస్తారు, లేనివారికి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్‌బ్యాంకులో డబ్బాలు సర్దుతారు, ఒంటరి పెద్దల ఇళ్లకు వెళ్లివస్తారు. అలా వెళ్లి కలిసే పెద్దవారిని వాళ్లు ‘కోచ్’ అంటారు. ఆ పేరు నాకు ఎంతో నచ్చింది. మన కోసం ఎదురుచూసే మనిషి ఒకరుంటే, వాన పడుతున్నా బూట్లు వేసుకోక తప్పదు.

మన పని సంగతి. బో ప్రాంతంలో చుట్టుపక్కలవారు కలిసి పెంచుకునే తోట ఒకటుంది. ఏం కావాలని వెళ్లి అడిగాను. రెండు లారీల చెక్కపొట్టు గేటు దగ్గర కుప్పగా ఉంది, దాన్ని లోపలి బాటల మీద పరచాలి. వసంతంలో పూచే డాఫొడిల్ గడ్డలు నాటాలి. వాళ్లలో చాలామంది డెబ్బై దాటినవారు, బండి తోయలేరు. ఒంటిచక్రం బండ్లు మూడు, పారలు ఎనిమిది ఉన్నాయి. అందుకే 24 మందికి మించి వద్దన్నారు. వంద మంది వస్తే మిగిలినవాళ్లు నిలబడి చూడాల్సిందే.

దారి: వెస్ట్‌హామ్ స్టేషన్ నుంచి గ్రీన్‌వే మీదుగా యాబీ మిల్స్, త్రీ మిల్స్, బ్రామ్లీ బై బో. మొత్తం 3 కిలోమీటర్ల లోపే. గ్రీన్‌వే అంటే ఒక పెద్ద మురుగుకాలువ గట్టు. 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపు భరించలేక నగరం అల్లాడాక, జోసెఫ్ బాజల్గెట్ కట్టించిన కాలువల్లో ఇదొకటి, నేటికీ పనిచేస్తోంది. అక్కడక్కడ మరమ్మతులకు బాట మూస్తుంటారు కాబట్టి ముందు వారం ఎవరైనా ఒకసారి నడిచి చూడాలి.

దారిలో రెండు నిమిషాలు కింగ్స్‌లీ హాలు ముందు ఆగుదాం. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీజీ హోటళ్లు వద్దని ఈ పేదల పేటలో, ఆ హాలులోనే ఉన్నారు, దాదాపు పన్నెండు వారాలు. తెల్లవారకముందే ఈ వీధుల్లో నడిచేవారు. ఆ ఏడాది పుట్టినరోజుకు ఇక్కడి చిన్నపిల్లలు ఆయనకు బొమ్మలు కానుకగా ఇచ్చారు. ఉపన్యాసం కావాలన్నవారికి నా జవాబు ఇదే: ఆ గుమ్మం ముందు నిలబడి ఇంతమాత్రం చెప్పుకుంటే చాలు.

పరుగు బృందం నుంచి, సోమవారం

అన్నయ్యా, నేను వస్తాను. ఒక్క మాట. మనలో మారథాన్‌కు తయారవుతున్న కుర్రాళ్లు ఐదారుగురున్నారు. వాళ్లు ముందు ఉరికితే వెనకవాళ్లు చిన్నబోతారు, మరుసటి నెల రారు. కిలోమీటరుకు 8 నిమిషాల కంటే వేగం వద్దని ముందే చెప్పండి. అందరికంటే వెనక నేనుంటాను. నా వెనక ఎవరూ మిగలరు.

ఈస్ట్‌హామ్ నుంచి ఒక తల్లి, సోమవారం

మా పాప తొమ్మిదేళ్లది. తనను తీసుకురావచ్చా? గడ్డలు నాటే పని పిల్లలు చేయగలరు.

కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక పెద్దాయన, మంగళవారం ఉదయం

నాయనా, నాకు అరవై తొమ్మిది. మాది ఖమ్మం దగ్గర పల్లె. పరుగెత్తలేను గానీ రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను. పార పట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది, చేతులు ఊరికే ఉన్నాయి. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు ఇలాంటివి చేయకూడదని మా కోడలు భయపడుతోంది. నిజమేనా?

సమన్వయకర్త, మంగళవారం రాత్రి

బాబాయిగారూ, మీరు తప్పకుండా రావాలి. విజిటర్‌గా వచ్చినవారు రిజిస్టరైన ఛారిటీకి మొత్తం 30 రోజులు మించకుండా స్వచ్ఛందంగా పని చేయవచ్చు. అయితే వచ్చిన ముఖ్య కారణం ఆ సేవ కాకూడదు. ఆ తోటను నడిపేది రిజిస్టరైన ఛారిటీయే, కనుక్కున్నాను. కోడలు గారికి ఈ మాట చెప్పండి. మీలాంటివారి కోసం నడక బృందం పెడుతున్నాను, 8:15కు బయల్దేరుతుంది. పరుగు బృందం 8:30కు. రెండు బృందాలూ 9 గంటల ప్రాంతంలో తోట చేరతాయి. పని 9:15 నుంచి 11:15 వరకే. పొట్టు ఎలా పరచాలో కుర్రాళ్లకు మీరే చూపించాలి.

పాపను తీసుకురండి అక్కా. పదహారు లోపు పిల్లల పక్కన తల్లో తండ్రో ఉండాలని తోటవారు చెప్పారు. గడ్డ ఎంత ఎత్తుంటే దానికి మూడింతల లోతులో, మొన పైకి ఉండేలా నాటాలి. పాపకు ఇది ఇంట్లోనే చెప్పి ఉంచండి.

తమ్ముడూ, వేగం గురించి నువ్వన్నదే ఖాయం. వారం వారం పార్కుల్లో అందరికీ ఉచితంగా జరిగే పరుగు, పార్క్‌రన్ కూడా 2004 అక్టోబరు 2న బుషీ పార్కులో 13 మందితోనే మొదలైంది. గాయంవల్ల పరుగెత్తలేని పాల్ సింటన్ హ్యూయిట్, మిత్రులను కలవడానికి ఆ పరుగు పెట్టారు. అందుకే 24 మంది నాకు తక్కువగా తోచడం లేదు.

సాంస్కృతిక విభాగం, బుధవారం

సోదరా, మీ మాట కాదనను. కానీ బ్యానరు లేకపోతే సంఘం పేరు ఎలా తెలుస్తుంది? విరాళాలిచ్చేవారు అడుగుతారు. ఇంకో సంగతి, బతుకమ్మ పూలు. ఏటా ఆట అయ్యాక బంతులూ చామంతులూ బస్తాలకొద్దీ చెత్తకుండీలో వేయాల్సి వస్తోంది. ఇక్కడ చెరువులో వదలలేం. ఆ పూలు ఆ తోటవారు తీసుకుంటారా?

సమన్వయకర్త, బుధవారం రాత్రి

వదినగారూ, ఎంత మంచి ఆలోచన! సాయంత్రమే ఫోను చేశాను. వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు, కంపోస్టులో వేసుకుంటామన్నారు. అయితే ఇనుప తీగలు, దారాలు, తళుకు కాగితాలు తీసేయాలి. రంగులద్దిన పూలు వద్దు. గౌరమ్మను మన పద్ధతిలో విడిగా చూసుకుందాం. పళ్లెంలో పేర్చేటప్పుడే తీగ వాడవద్దని మహిళలందరికీ మీరు చెబితే సగం పని తప్పుతుంది.

బ్యానరు విషయంలో మాత్రం నా మాట మారదు. ఆ తోట వాళ్ల ఇల్లు. పిలిచిన ఇంటికి సొంత జెండా పట్టుకుని వెళ్లం. విరాళమిచ్చినవారికి నేనే ఉత్తరం రాస్తాను, ఎంత పొట్టు పరిచామో, ఎన్ని గడ్డలు నాటామో లెక్కతో సహా. ఫొటోలు ఆఖరి పది నిమిషాల్లో, తోటవారిని అడిగాకే.

ఇప్పటికి 19 పేర్లు వచ్చాయి, మరో ఐదు స్థానాలున్నాయి. కోశాధికారిగారు సంఘం బీమా పత్రం నకలు శుక్రవారంలోగా పంపాలి, తోటవారు అడిగారు. పాత బూట్లు, మందపాటి చేతి తొడుగులు ఎవరివి వారే తెచ్చుకోవాలి. నవంబరు, డిసెంబరు మొదటి శనివారాలకు కూడా మనల్ని రమ్మన్నారు. ఆ రెండు తేదీలకు ఇప్పుడే మాటిచ్చేవారు పేరు పక్కన ఆ సంగతి రాయండి. ఈ ఆదివారం ఉదయం గ్రీన్‌వే నడిచి చూడటానికి నాతో ఒకరు కావాలి.

ఖమ్మం పెద్దాయన, గురువారం ఉదయం

ఆదివారం నేను వస్తాను. స్టేషన్లో ఏ గేటు దగ్గర నిలబడాలి?