తెట్టెలాయె మహిమలే: ఏ తెట్టె?

అడిగినవారు (తిరుపతి): కార్తీకంలో రాత్రంతా ముసురు పట్టి తెల్లారుజామున తెరిపిచ్చింది. అలిపిరి దగ్గర ట్రైపాడ్ వేసుకుని నిలబడ్డా. ఏసీ కారులోంచి తీసిన కెమెరా కదా, లెన్స్ మీద ఆవిరి పట్టేసింది. అది ఆరేదాకా ఒకటే టెన్షన్. ఏడు దాటాక మబ్బు చీలి, తూర్పు ఎండ ఎర్రరాతి చరియ మీద పట్టీలాగా పడింది. కింద మబ్బు పొరలు పొరలుగా కదలకుండా నిలబడి ఉంది. మబ్బు తెలుపు చెదరకూడదని ఎక్స్‌పోజర్ తగ్గించి, చెట్లను నల్లబడనిచ్చా. నాలుగు ఫొటోలు తీసేలోగా మళ్ళీ మూసుకుపోయింది.

అప్పటినుంచి నోట్లో అన్నమయ్య పల్లవే: "కట్టెదుర వైకుంఠము కాణాచయిన కొండ, తెట్టెలాయె మహిమలే తిరుమల కొండ." రెండో పాదం ఫొటో కింద పెట్టాలని ఉంది. తెట్టె అంటే తేనెతెట్టేనని మా నాన్న అంటారు. ఆ మబ్బు చూశాక నాకు పాల మీద కట్టే తెట్టే మెదులుతోంది. ఏది సరి? తెట్టెలాయెనా, తెట్టెలాయనా?

పీలేరు మాస్టారు: రెండూ కాదు నాయనా. తెట్టెలంటే ఇక్కడ కుప్పలు, గుంపులు. మహిమలు పోగులు పడ్డాయని భావం. చరణంలో "పుణ్యరాసులే యేరులైనది" అన్నాడు కదా, ఆ రాశులకు ఈ తెట్టెలు జత.

మదనపల్లె అక్క: మాస్టారూ, మీరు చూపిన పాదమే మీకు అడ్డం వస్తోంది. రాశులు ఏరులయ్యాయి, వేదాలు శిలలయ్యాయి, తపసులు తరువులయ్యాయి. కంటికి కనబడనిది ప్రతిచోటా కనబడేదిగా మారింది. మహిమలు మాత్రం ఉత్త కుప్పలవుతాయా? శేషాచలం చరియలకు కొండతేనె తెట్టెలు వేలాడుతుంటాయి, యానాదులు తాళ్ళు కట్టుకుని దిగి తీస్తారు. కొండకు నడిచి వెళ్ళిన కవి తలెత్తి చూసింది వాటినే అయ్యుంటుంది. వాళ్ళ నాన్నగారిదే సరి.

పుంగనూరు నుంచి: ఆయ, ఆయె సంగతి ఎవరూ ముట్టుకోలేదే! మా పక్క ఇప్పటికీ "పని అయిపాయ" అంటాం. నా మటుకు "తెట్టెలాయ" అంటేనే మన సీమ నోరు వినిపిస్తుంది. పాడేవాళ్ళు "ఆయె" అని సాగదీయడం రాగం సౌకర్యానికి.

పీలేరు మాస్టారు: సౌకర్యం అని తీసిపారేయకండి. మన నోటి అలవాటును బట్టి 15వ శతాబ్దపు పాఠం తేల్చలేం. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకు మీద ఏముందో అదే పాఠం.

చిత్తూరు నుంచి: సీమ నోరు అంటున్నారు కాబట్టి, మొదటి పాదంలో కాణాచి ఉంది చూడండి. అరవంలో కాణియాట్చి, వంశపారంపర్యంగా వచ్చే భూమి హక్కు. వైకుంఠం ఆయనకు తాతల నాటి ఆస్తి, అదే మన కళ్ళెదుట కొండయింది. ఆ ఒక్క మాట కోసం ఈ పాట ఎన్నిసార్లు విన్నానో.

చంద్రగిరి నుంచి (జియాలజీ చదివా): నన్ను పట్టుకున్నది ఇంకో పాదం. "నిర్వహించి జలధులే నిట్టచరులైన కొండ." ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు నేరుగా ఆనుకుని కనిపిస్తాయి. ఆ రెంటికీ నడుమ కోట్ల ఏళ్ళ ఖాళీ. దాన్నే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. పైనున్న రాయి ఒకప్పుడు సముద్రపు నీళ్ళ కింద పేరుకున్న ఇసుక. జలధే చరియ అయింది! మొదటిసారి అక్కడ నిలబడి ఈ పాదం అనుకుంటే ఒళ్ళు జలదరించింది.

పీలేరు మాస్టారు: జలదరించాల్సిందే. కానీ ఆయన చెప్పింది భూగర్భశాస్త్రం కాదు. సముద్రాలే ఈ కొండలో భాగమై స్వామిని కొలుస్తున్నాయన్న భక్తి అది.

అడిగినవారు: మాస్టారూ, ఇది చదివి ఫొటో మళ్ళీ తెరిచా. మబ్బు అంచు చరియను తాకినచోట ఎంత పెద్దది చేసి చూసినా మబ్బేదో రాయేదో తెలియట్లేదు. తెట్టె మాట పక్కన పెట్టి జలధుల పాదమే రాద్దామని ఉంది.

మదనపల్లె అక్క: రాయి తమ్ముడూ. రాసేముందు ఒకటి చూసుకో, అది నిట్టచరులా, నిట్టచరియలా?

పుంగనూరు నుంచి: చరులే.

పీలేరు మాస్టారు: చరులే, కానీ మీరనుకునే చరి కాదు. సాయంత్రం రాస్తాను.