ఉగాదికి రాసుకున్నవి ఒక్కటీ కదల్లేదు, ప్లాన్ ఎలా వేసుకోవాలి?

కాలువగట్టు:
పాలకొల్లు దగ్గర ఎరువుల షాపులో గుమాస్తాని. జీతం 20 వేలు, ఎకరన్నర సొంత చేను. ఉగాదికి నాలుగు రాసుకున్నాను: బ్యాంకులో ఉన్న బంగారం విడిపించడం (లక్షన్నర, రూపాయి వడ్డీ), 8 కిలోలు తగ్గడం, ట్యాలీ (కంప్యూటర్‌లో షాపు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడం, డాబా మీద గది. జూన్ వచ్చేసింది, కాగితం కాగితంలాగే ఉంది. నెలకి 5 వేలు మిగులుతాయి. ఖర్చులు పోను సార్వాకి (వానాకాలం వరి) 40 వేలు, దాళ్వాకి (రెండో పంట వరి) 65 వేలు వస్తాయని అంచనా. దేన్ని ముందు పట్టుకోమంటారు?

పద్దుపుస్తకం:
ముందు మీ కాగితంలోంచి గదిని కొట్టేయండి. బంగారానికీ గదికీ డబ్బు ఒకే జేబులోంచి రావాలి, రెండూ ఒకే ఏడాది అవ్వవు.

మీరిచ్చిన అంకెలతోనే బంగారం లెక్క. మొదటి నెల వడ్డీ 1,500. మీరు కట్టే 5 వేలల్లో అసలుకి పోయేది 3,500 మాత్రమే. ఇలా జూన్ నుంచి నెలనెలా కడితే డిసెంబరు ఆఖరికి బాకీ సుమారు 1,24,750 ఉంటుంది. సార్వా డబ్బు 40 వేలూ అప్పుడే కట్టేస్తే 84,750. మే ఆఖరికి 63,600కి దిగుతుంది. దాళ్వా డబ్బుతో ఖాతా మూసేయొచ్చు, చేతిలో 1,400 మిగులుతుంది.

ఇది బిగుతు లెక్కండి. కోతల మీద తుఫాను పడి సార్వాకి 20 వేలే వచ్చిందనుకోండి, దాళ్వా డబ్బు మొత్తం కట్టినా జూన్‌లో 19,600 బాకీ ఉంటుంది. అదే 5 వేల చొప్పున కడుతూ పోతే సెప్టెంబరుకి తీరుతుంది. అందుకని కాగితం మీద రెండు తేదీలూ ఇప్పుడే రాసేయండి: పంట బాగుంటే మే, లేకపోతే సెప్టెంబరు. ఒక్క తేదీయే రాసుకున్నవాళ్లు అది దాటగానే మొత్తం వదిలేస్తారు.

చాలామంది చేసే తప్పు, ధాన్యం తోలగానే డబ్బు వచ్చినట్టే లెక్కేసుకోవడం. ఖాతాలో పడేదాకా అది డబ్బు కాదు. ఇంకొకటి, బ్యాంకు చీటీ మీద లోను గడువు చూడండి. చాలా బంగారం లోన్లకి ఏడాదే ఉంటుంది. గడువు మేకి ముందే పడితే ఎలా తిరగరాస్తారో ఈ వారమే అడిగి రండి. జీతం పడిన మర్నాడే 5 వేలు కట్టండి, నెలాఖరున మిగిలితే కడదాం అనుకుంటే మిగలదు.

తాటిముంజె:
8 కిలోలు తగ్గడం మీ చేతిలో లేదు, నడక ఉంది. కాగితం మీద నడకే రాయాలి. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే కట్టేసుకుంటే ఆ పని జరిగే అవకాశం ఎక్కువని గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాశాడు. మీకు పనికొచ్చే మాట ఇలా ఉంటుంది: ‘పొద్దున్న పాలు తెచ్చి గిన్నెలో పోశాక, చెప్పులు విప్పకుండా కాలువగట్టు మీద వంతెన దాకా వెళ్లి వస్తాను. వానైతే వరండాలో 15 నిమిషాలు.’ ‘రోజూ వ్యాయామం’ అని రాస్తే దానికి గంటా లేదు, గడపా లేదు.

వారానికి అరకిలో అనుకుంటే 8 కిలోలకి 16 వారాలు, మీరు 24 పెట్టుకోండి. రాత్రి అన్నంలో ఒక గరిటె తగ్గించండి. బరువు ఆదివారం పొద్దున్న ఒక్కసారే చూడండి. రోజూ చూస్తే నీళ్ల బరువు ఏడిపిస్తుంది. అలవాటు 21 రోజుల్లో పడుతుందంటారు కానీ, లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టింది. ఒక రోజు తప్పితే పెద్దగా తేడా రాలేదు. సంక్రాంతి వారం అరిసెలతో పోట్లాడకుండా ముందే సెలవని రాసేయండి. కనుమ మర్నాడు మళ్లీ గట్టెక్కడమే.

కాలువగట్టు:
ఆయ్, బాగుందండి. మరి ట్యాలీ? షాపులో కొన్నిరోజులు రాత్రి 10 అవుతుంది.

పద్దుపుస్తకం:
జూలై, ఆగస్టుల్లో నాట్లు, ఆ వెంటనే యూరియా కోసం క్యూలు. మీరు జూన్‌లో మొదలెడితే మూడో వారానికి ఆగిపోతుంది, బద్ధకం వల్ల కాదు. సెప్టెంబరు 15 నుంచి నవంబరు ఆఖరు దాకా పెట్టుకోండి, డిసెంబరు నుంచి దాళ్వా హడావిడి. వారానికి 4 రోజులు, 45 నిమిషాల చొప్పున 10 వారాలంటే 30 గంటలు, మొదటి మెట్టుకి చాలు.

వరస మార్చకండి: కంపెనీ (షాపు పేరు మీద పద్దు తెరవడం), లెడ్జర్లు (ఒక్కొక్కరి, ఒక్కో ఖర్చు ఖాతాలు), స్టాక్ ఐటెమ్‌లు (సరుకుల పేర్లు), తర్వాత ఓచర్లు, అంటే ఒక్కో లావాదేవీ ఎక్కించడం (మీటలు: ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్), ఆఖరున జీఎస్టీ. లెడ్జర్లు సరిగ్గా తయారు చెయ్యకుండా జీఎస్టీకి దూకితే యూరియా 5 శాతం, పురుగుమందు 18 శాతం కలగాపులగం అయిపోతాయి. నేర్చుకున్నాననడానికి గుర్తు ఒకటే: షాపు ఒక రోజు బిల్లులన్నీ ఎక్కించి, డే బుక్ (ఆ రోజు లావాదేవీల జాబితా) మొత్తం మీ చేతి పద్దుతో పైసాకి కలవాలి.

తాటిముంజె:
రాత్రి 10 అయ్యే రోజులకి ‘చిన్న పని’ ఒకటి ముందే రాసిపెట్టుకోండి: నాలుగు ఓచర్లు ఎక్కించి మూసేయడం. అదీ లెక్కలోకే వస్తుంది. షాపువాళ్లు పంచే గోడ క్యాలెండర్ ఒకటి తెచ్చి బియ్యం డబ్బా పైన తగిలించండి. నడిచిన రోజు ఎర్ర పెన్సిల్, ట్యాలీ రోజు నీలం, అసలు బాకీ నెలాఖరు గడిలో అంకె. వరసగా రెండు వారాలు గళ్లు ఖాళీగా ఉంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, పని సైజు సగం చెయ్యండి.