అప్‌డేట్: తెల్లబట్ట స్లైడ్‌లో ట్రైకోమోనాస్ ఎందుకు కనపడలేదో తెలిసింది

శ్రీకాకుళం జిల్లాలోని మా చిన్న ల్యాబ్ నుంచి నేను అడిగింది ఇది: పచ్చగా నురగలాంటి తెల్లబట్ట, మంట, పీహెచ్ (ఆమ్లత్వం కొలత) మామూలుకన్నా ఎక్కువగా 5.5 ఉన్నా వెట్ మౌంట్‌లో (స్రావాన్ని సెలైన్ చుక్కలో కలిపి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) ట్రైకోమోనాస్ (లైంగికంగా సోకే ఏకకణ పరాన్నజీవి) ఎందుకు దొరకడం లేదు? సలహాలిచ్చిన అందరికీ థాంక్సండి.

విజయనగరంలోని మైక్రోబయాలజిస్టు మేడమ్ చెప్పిన కారణం ఒక్కటే, ఆలస్యం. స్వాబ్ (నమూనా తీసిన దూదిపుల్ల) అరగంట బల్ల మీదే ఉండిపోయేది. 10 నిమిషాలకే ఆ జీవుల కదలిక మందగిస్తుంది. పూర్తిగా ఆగిపోతే చీముకణాల్లో కలిసిపోతాయి, గుర్తుపట్టలేం. ఇప్పుడు మైక్రోస్కోప్ ముందే సిద్ధం చేసుకుని, గోరువెచ్చని సెలైన్ చుక్కలో కలిపి, కండెన్సర్ (స్లైడ్ మీదికి కాంతిని కేంద్రీకరించే భాగం) కాస్త దించి, వెంటనే 10, తర్వాత 40 లెన్స్‌లో చూస్తున్నాం. కుదుపుగా కదులుతూ స్పష్టంగా కనిపించాయి!

సెలైన్ పాతదని, లెన్స్ మార్చాలని అనుకున్నాం గానీ అవేవీ కారణం కాదు. 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) వేస్తే వచ్చిన చేపవాసనా దేన్నీ తేల్చదు, బాక్టీరియల్ వెజైనోసిస్‌లోనూ (యోనిలో బాక్టీరియా సమతుల్యత తప్పడం) అదే వాసన. కేఓహెచ్ మాత్రం వేరే స్లైడ్ మీదే వేయండి. పీహెచ్ స్ట్రిప్‌ని గర్భాశయ ముఖద్వారం జిగురుకి కాకుండా యోని పక్కగోడకి ఆనించాలి. నెగటివ్ వచ్చినా అనుమానం ఉంటే న్యాట్ పరీక్షకు (సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) పంపండి.

డాక్టరుగారు ఆ జీవులు కనిపించిన పేషెంట్‌కు మెట్రోనిడజోల్ 500 ఎంజీ రోజుకు రెండుసార్లు, 7 రోజులు రాశారు. భర్తకూ వైద్యం మొదలైంది.