బతుకమ్మకు బయటి గునుగు కోయడం ఆపేద్దామా?

మిద్దెతోట:
పెత్రమాస దగ్గరపడింది, ఎంగిలిపూల బతుకమ్మకు అందరూ పూలు వెతుకుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. నిరుడు మా కాలనీ పక్క ఖాళీ జాగాలో గునుగు విరగబూసింది. ఆటోల్లో వచ్చి వేళ్లతో సహా పీకి, కట్టలు కట్టి అమ్ముకున్నారు. ఈసారి అక్కడ ఒక్క మొక్క లేదు. గునుగు ఏడాది మొక్క, గింజ రాలితేనే మళ్లీ మొలుస్తుంది. మిద్దె మీద బంతి, సీతజడ పెంచుకుని వాటితోనే పేర్చుకుంటే తప్పేంటి? సీతజడ కూడా గునుగు జాతిదే.

గట్టుమీదక్క:
గునుగు, తంగేడు లేకుండా బతుకమ్మ ఏంది తమ్ముడూ? మా అమ్మగారింట్లో గుమ్మడాకులు పరిచి మొదటి వరుస తంగేడుతోనే పెట్టేవాళ్లం. కొమ్మ విరిచినా తంగేడు మళ్లీ చిగురిస్తుంది. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు, తంగేడు మన రాష్ట్ర పుష్పం. దాన్నే కోయొద్దంటావా?

మిద్దెతోట:
తంగేడు ఊసే నేను ఎత్తలేదక్కా. గునుగును వేళ్లతో పీకడం గురించి అడిగాను.

పత్తిచేను:
గునుగు మాకు కలుపు. ఒక్క మొక్క గింజకొచ్చిందంటే మరుసటేడు చేనంతా అదే. పూలకోసం పీకితే పోయేది కాదు, గడ్డిమందుకు పోతోంది. కలుపుకు కూలీలు దొరక్క నేనూ కొడుతున్నాను.

వానచినుకు:
కాగితం పూలతో చేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా.

గట్టుమీదక్క:
కాగితాన్ని చెరువులో ఎట్ల వదులుతారమ్మా?

మిద్దెతోట:
గునుగుకు అద్దే రంగులు మాత్రం చెరువులో కలవవా?

గట్టుమీదక్క:
నీకు మిద్దె ఉంది, కుండీలున్నాయి. నేను రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటాను. నిరుడు సద్దుల రోజు బజార్లో గుప్పెడు గునుగుకు యాభై రూపాయలు అడిగారు. ఊళ్లో మేం చిన్నప్పుడు తిరిగిన బీడుకే పూలకు పోతే, ప్లాట్లవాళ్లు నా తమ్ముణ్ణి గేటు దగ్గర దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టారు. వాడు ఖాళీ సంచితో ఇంటికొచ్చి తలెత్తలేదు. వాళ్లూ కోయొద్దన్నారు, ఇప్పుడు నువ్వూ కోయొద్దంటున్నావు. ఇక మేం ఎక్కడికి పోవాలి?

పత్తిచేను:
మిద్దెతోట తమ్మీ, ఒక్కటి చెప్పు. మీ పక్క జాగాను ఎండాకాలంలో చదును చేశారా?

మిద్దెతోట:
చేశారన్నా. మొరం పోసి ప్రహరీ కట్టారు.

పత్తిచేను:
మరి మొక్క ఎట్ల మొలుస్తుంది?

మిద్దెతోట:
నిజమే. కోసుకునేవాళ్లు కళ్లముందు కనపడ్డారు, వాళ్ల మీద పడ్డాను. అక్కా, మీ తమ్ముడికి జరిగింది చదివి బాధేసింది. కానీ వేళ్లతో పీకొద్దన్న మాట మాత్రం వదలను.

గట్టుమీదక్క:
మేం ఎప్పుడూ కొడవలితోనే కోశాం. పీకేది అమ్ముకునేవాళ్లు. ఆ ముక్క ముందే అడిగుంటే సరిపోయేది.

పత్తిచేను:
మా తూర్పు గట్టుకు ఈసారి మందు కొట్టలేదు, గునుగు మోకాలెత్తు ఉంది. అమాస ముందురోజు పొద్దున్నే మీ తమ్ముణ్ణి పంపక్కా. గేటు లేదు, ఎవరూ ఆపరు. గింజకు నాలుగు మొక్కలు వదిలితే చాలు.