జల చక్రం మోడల్‌లో చుక్క ఎందుకు రాలడం లేదు?

కొత్తచినుకు (ప్రశ్న):
ఏడో తరగతి పిల్లలకు చూపించాల్సిన మోడల్ ఇది. గాజు గిన్నె అడుగున 3 సెం.మీ. ఎత్తున మరిగిన నీళ్లు, మధ్యలో ఖాళీ కప్పు, పైన బిగుతుగా లాగిన క్లింగ్ ఫిల్మ్, దాని మీదంతా ఐసు ముక్కలు. రెండు నిమిషాల్లో ఫిల్మ్ లోపలివైపు మసకబారుతుంది, అంతే. పావుగంటైనా కప్పులో చుక్క పడదు. ఇంకొకటి: నీళ్లు 100 డిగ్రీల దగ్గర కదా ఆవిరయ్యేది, మరి సముద్రం 28 డిగ్రీలకే ఎలా ఆవిరవుతుందని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

తేమగాలి:
బిగుతుగా లాగడమే చిక్కండి. చదునైన పొరకు సన్నటి బిందువులు అతుక్కునే ఉంటాయి, ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కితే తప్ప రాలవు. కప్పుకు సరిగ్గా పైన ఫిల్మ్ మీద ఒక గోలీ పెట్టండి. పొర 2–3 సెం.మీ. కిందికి సాగి గరాటులా అవుతుంది, బిందువులు జారి కొసకు చేరతాయి. కొస కప్పు అంచుకు తగలకూడదు.

మరిగిన నీళ్లు వద్దు, 60 డిగ్రీలు చాలు. అంతకు మించితే ఐసు చప్పున కరిగిపోయి పొర కూడా వెచ్చబడుతుంది. కిందికీ పైకీ వేడిలో తేడా లేకపోతే చుక్క కట్టదు. ఐసును చిన్న సంచిలో కట్టి గోలీ చుట్టూ మాత్రమే ఉంచండి.

అరగంటైనా ఆగాలి. 60 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో పట్టే ఆవిరి దాదాపు 130 గ్రాములు. గిన్నెలో 2 లీటర్ల గాలి ఉంటే అందులో ఆవిరి పావు గ్రామే, అంటే ఓ ఐదు చుక్కలు. ఆవిరి లేవడం, చల్లబడటం ఆగకుండా సాగితేనే కప్పు అడుగు తడుస్తుంది. నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలపండి. కప్పులోది చప్పగా ఉండాలి, ఉప్పగా ఉంటే పోసేటప్పుడు చిందినట్టే.

మబ్బుతునక:
రెండో ప్రశ్నకు: మరగడం వేరు, ఆవిరవడం వేరు. మరిగేటప్పుడు నీటి లోపల కూడా బుడగలు పుడతాయి. ఆవిరవడం పైభాగంలోనే, ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా జరుగుతుంది. వేగం ఎక్కువున్న అణువులు తప్పించుకుపోతాయి, మిగిలిన నీరు చల్లబడుతుంది. 20 డిగ్రీల దగ్గర కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2450 కిలోజౌళ్ల వేడి కావాలి. మేఘం కట్టేచోట ఆ వేడంతా తిరిగి బయటపడి గాలిని ఇంకా పైకి లేపుతుంది.

ఈ మోడల్‌తో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని పిల్లలకు చెప్పి తీరాలి. ఆకాశంలో ఐసు మూత ఏదీ లేదు. పైకి లేచిన గాలి ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, దాంతో తనంతట తానే చల్లబడుతుంది. మబ్బు కట్టేదాకా కిలోమీటరుకు సుమారు 9.8 డిగ్రీలు, కట్టాక అంతకన్నా తక్కువ. దీన్ని చూపాలంటే 2 లీటర్ల ప్లాస్టిక్ సీసాలో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల పొగను లోపలికి పోనిచ్చి, మూత బిగించి గట్టిగా నొక్కి వదలండి. వదలగానే లోపల మబ్బు కనిపిస్తుంది.

కొత్తచినుకు:
పొగ లేకుండా కుదరదా?

మబ్బుతునక:
దాదాపు ఏమీ కనిపించదు. బిందువు కట్టడానికి ఒక రేణువు ఆధారం కావాలి. బయట ఆ పని ధూళి, సముద్రపు ఉప్పు, పొగ చేస్తాయి. అన్నట్టు, కెటిల్ మూతి దగ్గర తెల్లగా కనిపించేది ఆవిరి కాదు, అప్పటికే నీటి బిందువులు. నీటి ఆవిరి కంటికి కనబడదు.

ఇసుకతిన్నె:
మబ్బు కట్టగానే వాన ఎందుకు పడదన్న ప్రశ్న కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి. మేఘ బిందువు అడ్డుకొలత సుమారు 0.02 మి.మీ., సెకనుకు ఓ సెంటీమీటరు చొప్పున దిగుతుంది. పైకి లేచే గాలి దాన్ని సులువుగా ఆపేస్తుంది. 2 మి.మీ. వాన చినుకు కావాలంటే అలాంటివి పది లక్షలు కలవాలి.

పాఠాల్లో తరచూ తేలిపోయేది నేల మీది భాగం. రెండు ట్రేలు కొంచెం వాల్చి ఒకదాంట్లో ఇసుక, ఇంకోదాంట్లో తడిపి అణిచిన బంకమట్టి పరచి చెరో 200 మి.లీ. నీళ్లు నెమ్మదిగా పోయండి. ఇసుక పీల్చుకుంటుంది, బంకమట్టి మీద ఎక్కువ భాగం పారిపోతుంది. బంకమట్టి నేలలో ఇంకేది గంటకు 1 నుంచి 5 మి.మీ. మాత్రమే. ఎండి పగిలిన బంకమట్టి వాడితే నీరు పగుళ్లలోకి దూరి ఫలితం తారుమారవుతుంది.

బాణం గుర్తుల బొమ్మ చూసి నీరు అన్నిచోట్లా ఒకే వేగంతో తిరుగుతుందనుకుంటారు. గాలిలో ఆవిరి సగటున తొమ్మిది రోజులు ఉంటుంది, సముద్రంలో నీరు మూడు వేల ఏళ్లకు పైనే. లోతైన భూగర్భ జలం పదివేల ఏళ్లు కూడా ఉండొచ్చు. బాణాల పక్కన ఈ అంకెలు రాయించండి.